సగం మిగిలిన గుట్ట

నేను ఆ ఊరికి కోడలుగా వచ్చిన ఏడాది గుట్ట మీద సీతాఫలాలు విరగకాశాయి. పెళ్లయి నాలుగు నెలలు కూడా కాలేదు. వినాయక చవితి వెళ్లిన మరునాడు తెల్లారగానే మా అత్త నా చేతికొక గంప ఇచ్చి, "నడువ్, నీకు గుట్ట సూపిస్త" అంది. అప్పటి దాకా ఆమె నాతో పొడిపొడిగానే మాట్లాడేది. గుట్ట ఎక్కుతున్నంతసేపూ మాత్రం నోరు మూయలేదు. ఏ బండ వానకు జారుతుందో, ఏ పొదల్లో పాములుంటాయో, ఏ చెట్టు కాయ తీపో, ఏది ఉత్త గింజలో అన్నీ చెప్పింది. కాయ మీద కళ్ల మధ్య సందులు తెల్లబడితేనే తెంపాలని, అంతకు ముందే తెంపితే గడ్డిలో ఎన్ని రోజులు దాచినా పండకుండా నల్లబడుతుందని చూపించింది. నేను తెంపిన మొదటి కాయ పచ్చిది. అత్త దాన్ని ఇంటికి తెచ్చి మేకకు వేసింది.

మాది గుట్ట కింద, ఊరికి ఎడంగా ఉండే వాడ. సగం ఇళ్లవాళ్లు ఆదివారం చర్చికి పోతారు, సగం ఇళ్లవాళ్లు మైసమ్మకు బోనం ఎత్తుతారు, మా ఇంట్లో రెండూ జరిగేవి. మా వాళ్లకు తరతరాలుగా భూమి లేదు. ఎప్పుడో సర్కారు గుట్టను ఆనుకొని ఉన్న ఎకరన్నర రాళ్ల చెలక మా అత్త పేరు మీద పట్టా ఇచ్చింది. ఆ రాళ్లన్నీ ఏరి దాన్ని చేను చేసింది ఆమే. ఆముదాలు, కందులు పండేవి. మామ పోయాక కూడా ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

చవితి నుంచి దీపావళి దాకా మా వాడ ఆడవాళ్లమంతా గుట్ట మీదే. గంపలు నింపుకొని కల్వకుర్తిలో శ్రీశైలం బస్సులు ఆగే చోట కూర్చునేవాళ్లం. ఆ రెండు నెలలూ మా చేతికి వచ్చే డబ్బు ఏ మగవాడి చేతిలోంచీ వచ్చింది కాదు. నా బిడ్డకు మొదటి బడి సంచి కొన్నది మా ఆయనను అడగకుండానే. ఇది చిన్న విషయమనుకునేవాళ్లు ఎప్పుడూ చెప్పుల కోసం ఒకరిని అడగాల్సిన అవసరం రానివాళ్లు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఎటు చూసినా రోడ్లు వెడల్పు చేస్తున్నారు. రోడ్డుకు కంకర కావాలి, కంకరకు గుట్ట కావాలి. ఒకరోజు జీపులో నలుగురు వచ్చి గుట్ట పడమటి వైపు బండల మీద ఎర్ర రంగుతో గీతలు గీసి పోయారు. నెల తిరగకుండానే క్రషర్ మిషను దిగింది. దాని యజమానిని ఊళ్లో అందరూ సేటు అనేవారు. తెల్లటి బట్టలేసుకొని ఎవరినైనా నవ్వుతూ పలకరించేవాడు. యువజన సంఘానికి గది కట్టిస్తానన్నాడు. టిప్పర్ల మీద, మిషను మీద ఊరి మగవాళ్లకు పని ఇచ్చాడు. మా ఆయనకు కాపలా ఉద్యోగం దొరికింది. ఖాకీ చొక్కా వేసుకొని మొదటి రోజు పనికి పోతుంటే నేనే గుండీ కుట్టి పంపించాను. అది దాచిపెట్టి రాయను.

తర్వాత పేలుళ్లు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఈల వేసేవాళ్లు, మేము చేలోంచి పరుగెత్తేవాళ్లం. రాళ్లు వచ్చి కందుల్లో పడేవి. ఒకసారి మా పక్కింటామె మేక అట్లా రాయి తగిలే చచ్చిపోయింది. ఆకుల మీద, బట్టల మీద, పొయ్యి మీది కూరలో కూడా తెల్లటి దుమ్ము. సీతాఫలం పూతకు దుమ్ము పడితే కాయ నిలవదని అప్పుడే తెలిసింది. ఆ ఏడు పడమటి వైపు చెట్లు పోతే పోయాయి, తూర్పు వైపు చెట్లూ ఉత్త ఆకులతో నిలబడ్డాయి. అత్త రోజూ పోయి చూసి ఖాళీ గంపతో వచ్చేది.

ఊరి ఒప్పుకోలు లేకుండా గుట్టను ఎట్లా ఇచ్చారని నేను మండలాఫీసుకు పోయి అడిగాను. నేను పదో తరగతి పాసయ్యాను. అప్పట్లో బడిలో మధ్యాహ్న భోజనం వండేదాన్ని. వంట పని ముగించుకొని నాలుగుసార్లు తిరిగితే ఐదోసారి ఒక గుమాస్తా విసుగుతో గ్రామసభ తీర్మానం నకలు ముందు పడేశాడు. అందులో గుట్టను క్రషర్‌కు ఇవ్వడానికి మాకేమీ అభ్యంతరం లేదని రాసి ఉంది. కింద మా వాడ ఆడవాళ్ల సంతకాలు, వేలిముద్రలు. నాది మూడోది. అత్త వేలిముద్ర నా సంతకం పక్కనే.

అవి గ్యాసు పొయ్యిలు వస్తాయని చెప్పి సర్పంచు భర్త మా మహిళా సంఘం మీటింగులో పెట్టించుకున్న సంతకాలు. సర్పంచు ఒక ఆడమనిషి, కానీ ఆ కుర్చీలో కూర్చునేది ఎప్పుడూ ఆయనే. కాగితం మీద నా పేరు నా చేతిరాతలోనే కనబడింది. నకలు మడిచి కొంగున ముడేసుకొని బస్సెక్కాను. ఇంటికొచ్చి అత్తకు చదివి వినిపించాను.

ఆమె చాలాసేపు తన బొటనవేలు చూసుకుంది.

"మల్లొకసారి సదువు," అంది.

చదివాను.

"రేపు పొద్దుగాల గుట్ట మీదికి పోదాం. ఆడోళ్లందరికి చెప్పు. మొగోళ్లకు చెప్పకు," అంది.

మరునాడు పదహారు మందిమి పోయాం. అప్పటికే బండలకు రంధ్రాలు వేసి ఉన్నాయి, మధ్యాహ్నం వాటిలో తూటాలు పెట్టి పేల్చాలి. అత్త నేరుగా పోయి ఒక రంధ్రం మీద చీర సర్దుకొని కూర్చుంది. మేమంతా ఒక్కొక్క రంధ్రం మీద కూర్చున్నాం. బండ అప్పటికే కాలుతోంది. మిషను దగ్గరి సూపర్‌వైజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అవ్వా, లే. గీ జాగా సర్కార్ది. మీకేం పని గీడ?"

"పేల్చుకుంటవా, పేల్చుకో," అంది అత్త. "నా కింద తూట వెట్టినోని పేరు మాత్రం జర గట్టిగ చెప్పి పేల్చు. మా కోడలు రాసుకుంటది."

నా దగ్గర నిజంగానే నోటుపుస్తకం ఉంది. అందులో తేదీ, టైము, అక్కడున్నవాళ్ల పేర్లు రాస్తూ కూర్చున్నాను. వాళ్లకు మా అరుపులకంటే ఆ రాయడమే ఎక్కువ చికాకు కలిగించింది. ఆ రోజు పేలుడు జరగలేదు. మరునాడూ పోయాం. తొమ్మిది రోజులు వంతులేసుకొని కూర్చున్నాం. చంటిబిడ్డల తల్లులు నీడన, మిగతావాళ్లం ఎండలో. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు. నేను అంతగా నవ్విన రోజులు ముందు లేవు, తర్వాత లేవు.

పదో రోజు బడి నుంచి కబురొచ్చింది, రేపటి నుంచి నేను వంటకు రావద్దని. ఎందుకని అడిగితే పెద్దసారు నేల చూస్తూ, "పైనుంచి చెప్పిండ్రమ్మా" అన్నాడు. ఆ పైన ఎవరుంటారో మా ఇద్దరికీ తెలుసు. కూలి మానుకొని మిగతావాళ్లూ ఎన్నాళ్లో కూర్చోలేకపోయారు, పడమటి వైపు పేలుళ్లు మళ్లీ మొదలయ్యాయి.

ఆ తర్వాత ఫోటో వచ్చింది. మా సంగతి రాయడానికి ఒక విలేకరి వచ్చిపోయేవాడు. ఒకరోజు మండలాఫీసులో పనై బయటికొచ్చేసరికి బస్సు తప్పిపోతే తన బండి మీద మా ఊరి మలుపు దాకా దింపాడు. ఎవరో వెనక నుంచి ఫోటో తీశారు. అది ఊరి యువజన సంఘం వాట్సాప్‌లో తిరిగింది. దాని కింద రాసిన మాటలు నేను ఇక్కడ రాయను. అవి రాసినవాళ్ల నోటి మాటలు, నావి కావు.

మా ఆయన ఆ ఫోను నా ముందు పెట్టి, "ఊళ్లె తలెత్తుకోకుంట జేసినవ్," అన్నాడు. నేను జవాబు చెప్పేలోగానే కొట్టాడు. ఆయన చెయ్యి అంతకు ముందూ లేచేది. క్రషర్ వచ్చి ఆయనను చెడగొట్టిందని రాస్తే కథ బాగుంటుందేమో గాని అది అబద్ధం. తేడా ఏమిటంటే ముందు తాగినప్పుడు కొట్టేవాడు, ఆ రోజు తాగకుండా కొట్టాడు. సేటు మనుషులు ఆయనతో ఏమన్నారో తర్వాత తెలిసింది. పెళ్లాన్ని అదుపులో పెట్టలేనివాడు గుట్టను ఏం కాపలా కాస్తాడని అన్నారట.

అత్త చేను నుంచి వచ్చింది. నా పెదవి చూసింది. కొడుకును చూసింది. ఆమె అరవలేదు.

"ఇల్లు నా పేరు మీదున్నది. చేను నా పేరు మీదున్నది. పొయ్యేటోడు నువ్వు," అంది.

"నేను నీ కొడుకునే."

"కొడుకువే. అందుకే ఇంకా మాటతోని చెప్తున్న. సంచి తీస్కో."

ఆయన సంచి తీసుకోలేదు, చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. క్రషర్ దగ్గరి రేకుల గదిలో ఉండిపోయాడు. పొద్దున లేచేసరికి ఆమె నా పక్కన కూర్చొని నా చీర చిరుగు కుడుతోంది. ఇరవై ఏళ్ల కాపురంలో కొడుకు మీద ఆమె నా పక్షం నిలబడటం అదే మొదటిసారి. అంతకు ముందు ఎందుకు నిలబడలేదని నేను ఎన్నడూ అడగలేదు. అడగాల్సిందేమో.

నా బిడ్డ అప్పుడు గురుకులంలో తొమ్మిదో తరగతి. ఆదివారం హాస్టల్ ఫోన్ నుంచి మాట్లాడింది. ఫోటో అక్కడికీ చేరిందని ఆమె మొదటి మాటతోనే అర్థమైంది.

"అమ్మా, మా క్లాసుల ఒకామె ఇంటికి పొయ్యొచ్చి చెప్పింది. మీ అమ్మనేనా బండి మీద అని అడిగింది."

"నువ్వేమన్నవ్ బిడ్డా?"

"అవు, మా అమ్మనే అన్న. ఆమెకు బండి ఎక్కుడంటే భయం, ఎట్ల ఎక్కిందో అన్న." తర్వాత, "సార్లు అడిగితె కూడ గట్లనే చెప్త," అంది.

ఫోను పెట్టేశాక కాసేపు ఏడ్చాను. ఆ మొత్తం వ్యవహారంలో నేను ఏడ్చింది అప్పుడే.

సేటుకు లీజు ఉన్నది పడమటి సగానికి మాత్రమే. తూర్పు సగం కూడా కావాలని దరఖాస్తు పెట్టాడని తెలిసింది. కాగితం రాకముందే అటువైపు డ్రిల్లు చప్పుడు వినబడటం మొదలైంది. దానికి రుజువు కావాలని విలేకరి అన్నాడు. ఒక మధ్యాహ్నం నేను ఫోను పట్టుకొని తూర్పు వైపు ఎక్కాను. తూర్పు బండలకు కూడా రంధ్రాలు పడి ఉన్నాయి. నాలుగు ఫోటోలు తీశాను. ఐదోది తీస్తుండగా వెనక అడుగులు వినబడ్డాయి.

ఇద్దరు. ఒకడు బయటివాడు. ఇంకొకడు మా ఊరివాడే, ఎదురుపడితే నన్ను వదినె అని పిలిచేవాడు. ఫోను గుంజుకొని బండకేసి కొట్టారు. నేను వంగి ముక్కలు తీసుకోబోతే బయటివాడు ఇనుప రాడుతో నా కుడి చేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. తర్వాత జాకెట్టు పట్టి చింపారు, చీర గుంజారు. మా ఊరివాడు నా ముఖం వైపు చూడకుండానే ఆ పని చేశాడు.

"గిట్లనే పో. ఊరంత సూస్తది," అన్నాడు బయటివాడు. ఇద్దరూ కిందికి దిగిపోయారు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చీరను ఎడమ చేత్తో నడుముకు చుట్టుకున్నాను. గుట్ట దిగడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఆముదం చేల మధ్య నుంచి నేరుగా మా వాడలోకి, ఎవరికీ కనబడకుండా. రెండోది ఊరి నడిబజారు నుంచి, చాయ్ హోటల్, పంచాయతీ ఆఫీసు, యువజన సంఘం గది ముందు నుంచి. వాళ్లు నేను చేల దారినే పోతానని అనుకున్నారు. సిగ్గుతో ఇంట్లో దూరి తలుపేసుకుంటానని, ఇక గుట్ట పేరెత్తనని అనుకున్నారు.

నేను బజారు దారి పట్టాను.

చిరిగిన జాకెట్టు కప్పుకోలేదు. విరిగిన చేతిని ఎడమ చేత్తో పట్టుకొని నడిచాను. చాయ్ హోటల్ దగ్గర మగవాళ్లు తలలు దించుకున్నారు. ఒకామె ఇంట్లోంచి టవలు తెచ్చి నా భుజాల మీద వేయబోయింది.

"వద్దొదినె," అన్నాను. "చింపినోళ్లు కప్పుకోవాలె మొకం. నేనెందుకు?"

ఆమె టవలు మడిచి చంకలో పెట్టుకొని నా వెంట నడిచింది. ఆమె మా వాడ మనిషి కాదు, పెద్ద ఇంటి కోడలు. ఆమె వెనక ఇంకొకరు. పంచాయతీ ఆఫీసు చేరేసరికి నా వెనక చాలామంది ఆడవాళ్ల అడుగులు వినబడుతున్నాయి. సర్పంచు భర్త మెట్ల మీదికొచ్చాడు.

"ఏందమ్మా ఇది, లోపటికి రా, కూసొని మాట్లాడుకుందాం."

"ఈడనే మాట్లాడు. అందరు సూస్తున్నరు, మంచిదే."

సర్పంచు, అంటే ఆయన భార్య, తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. గడప దాటి ముందుకొచ్చి, "ఆటో పిలువుండ్రి," అంది. ఆ ఊరికి ఆమె సర్పంచుగా ఇచ్చిన మొదటి ఆర్డరు అదేనని మేము ఇప్పటికీ అనుకుంటాం.

రెండు ఆటోల్లో ఠాణాకు పోయాం. ఎస్సై కుర్చీలోంచే అడిగాడు.

"ఒక్కదానివి గుట్ట మీదికి ఎందుకు పోయినవమ్మా?"

"ఇరవై ఏండ్ల సంది పోతున్న సారూ. గిన్నేండ్లల ఎవ్వరు గా మాట అడగలె."

కానిస్టేబులు ఫిర్యాదు రాసి సంతకం పెట్టమన్నాడు. చదివి వినిపించనా అన్నాడు. నేనే చదువుకుంటానన్నాను. పాత కక్షలతో జరిగిన తోపులాటలో కిందపడి చెయ్యి విరిగిందని రాసి ఉంది. జాకెట్టు మాట లేదు. రాడు మాట లేదు. మా కులం మాట లేదు. సంతకం చేయనన్నాను. ఇంకోసారి రాశాడు, అందులో రాడు వచ్చింది, జాకెట్టు రాలేదు. మళ్లీ చేయనన్నాను. ఒకసారి చదవకుండా పెట్టిన సంతకం ఏం చేసిందో నాకు తెలుసు. ఆ తప్పు రెండోసారి చేసేదాన్ని కాదు.

"నీకు ముందు దవాఖాన కావాల్నా, కాగితం కావాల్నా?" అన్నాడు ఎస్సై.

"రెండు కావాలె."

అత్త అప్పటికే వచ్చింది. బయటి బెంచీ మీద కూర్చొని, "మాకేం తొందర లేదు సారూ, రొట్టెలు తెచ్చుకున్నం," అంది. పొద్దుగూకే ముందు, మూడోసారి అన్నీ రాసిన కాగితం మీద ఎడమ చేత్తో సంతకం పెట్టాను. వంకరగా వచ్చింది గాని నాదే. ఆ తర్వాతే దవాఖానకు పోయి పిండికట్టు వేయించుకున్నాను.

తూర్పు సగం కోసం ప్రజాభిప్రాయం అడిగే సభ నెలన్నరకు పెట్టారు. క్రషర్ ముందే షామియానా వేశారు. బిర్యానీ పొట్లాలు వచ్చాయి. మాకు ముఖం తెలియని మగవాళ్లు టిప్పర్లలో దిగి, మైకు పట్టుకొని క్రషర్ వల్ల తమ బతుకులు బాగుపడ్డాయని చెప్పారు. అడ్డంగా తాడు కట్టి మమ్మల్ని దాని వెనక కూర్చోబెట్టారు. మైకు అడిగితే వస్తుందన్నారు, రాలేదు. రెండు గంటలు చూశాం. అప్పుడు అత్త తాడు ఎత్తి కిందినుంచి దూరి, ముందుకు నడిచి అధికారి బల్ల ముందు నేల మీద కూర్చుంది. ఆమె వెనకే మేమంతా పోయి కూర్చున్నాం. పోలీసులు లేపబోయారు. జిల్లా నుంచి వచ్చిన ఆ అధికారి మంచివాడో కాదో నాకు తెలియదు. చేత్తో వాళ్లను ఆపి, మైకు ఇవ్వమన్నాడు. అంతే చేశాడు, అది చాలు.

నేను తీర్మానం నకలు చదివాను. ఈ సంతకం గ్యాసు పొయ్యి కోసం పెట్టింది, గుట్ట కోసం కాదు అన్నాను. తర్వాత మైకు ఒకరి చేతినుంచి ఒకరికి పోయింది. ఒక్కొక్కరూ లేచి తమ పేరు చెప్పి, "నేను గుట్టను ఇయ్యలె," అని కూర్చున్నారు. బతుకులో ఎన్నడూ మైకు పట్టనివాళ్లు. కొందరి గొంతు వినబడలేదు, మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్పారు. అత్త వంతు వచ్చినప్పుడు, "గుట్ట తినే కూడు వెట్టింది సారూ," అంది. "గీ మిషను మా కూట్లె దుమ్ము వోసింది. గంతే. రాసుకోండ్రి."

సేటు మనిషి ఒకడు మైకు లాక్కొని మా ఆయన చేతిలో పెట్టాడు. ఖాకీ చొక్కాలో ఒక పక్కన నిలబడి ఉన్నాడాయన. నాకు మతి సరిగా లేదని, ఎవరో రెచ్చగొడుతున్నారని చెప్పించాలనుకున్నారు. ఆయన మైకు పట్టుకొని దగ్గాడు. దుమ్ము దగ్గు, అప్పటికే పట్టుకుంది. నావైపు చూశాడు, నా పిండికట్టు చూశాడు. "నాకేం తెల్వదు," అని మైకు ఇచ్చేశాడు. ఆయన నా పక్షం నిలబడ్డాడని తర్వాత చాలామంది అన్నారు. నేనట్లా అనుకోను. అబద్ధం చెప్పకపోవడం మంచిదే, కానీ నిజం చెప్పడానికి ఆయన చేతిలో మైకు ఉంది.

కొన్ని నెలలకు తూర్పు సగం ఇవ్వడం లేదని కాగితం వచ్చింది. పడమటి లీజు తీరే దాకా తవ్వుకున్నారు. ఆ వైపు ఇప్పుడు గుట్ట లేదు, ఆకుపచ్చ నీళ్లు నిలిచిన గొయ్యి ఉంది. పిల్లలు అటు పోకుండా మేమే ముళ్లకంప వేశాం. సేటు మిషను విప్పుకొని ఇంకో తాలూకాకు పోయాడు. మేము గెలిచామని అనేవాళ్లున్నారు. సగం గుట్ట పోయినదాన్ని గెలుపని నేను అనలేను. కానీ మేము కూర్చోకపోతే ఏ సగమూ ఉండేది కాదు.

కేసు ఇంకా నడుస్తోంది. ప్రతి వాయిదాకూ పోతాను, ఒక్కటీ తప్పలేదు. వాళ్ల వకీలు ఒకసారి అడిగాడు, అట్లాంటి బట్టలతో నడిబజారులో నడవడానికి నీకు సిగ్గనిపించలేదా అని. "నా సిగ్గు సంగతి నాకిడువుండ్రి సారూ, వాళ్ల చేతుల సంగతి అడుగుండ్రి," అన్నాను. జడ్జమ్మ తలెత్తి చూసి, ఆ జవాబు రాసుకోమంది. మా ఊరివాడు మధ్యవర్తులను పంపుతూనే ఉన్నాడు. రాజీ పడనని చెప్పి పంపుతూనే ఉన్నాను.

మా ఆయన పని పోయాక ఇంటికొచ్చాడు. అత్త వాకిట్లోనే నిలబెట్టి, "మల్లొకసారి నా కోడలి మీద చెయ్యి లేస్తె ఠాణా ఎక్కడున్నదో దానికి తెలుసు," అంది. మళ్లీ చెయ్యి లేవలేదు. ఆయన దగ్గుకు మందులు నేనే తెస్తాను. ప్రేమ అని ఎవరైనా అంటే ఒప్పుకోను, పాపం అనిపించి తెస్తాను.

అత్త రెండేళ్ల కింద పోయింది. పోయే ముందు కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని, చేను కోడలి పేరు మీద పడాలని ఒప్పించింది. వారసత్వంగా పేరు మార్పించే విరాసత్ కోసం ఆఫీసుకు పోయినప్పుడు అక్కడి మనిషి మా ఆయన వైపు తిరిగి, "నువ్వుండంగ ఆమె పేరు మీదేంది?" అన్నాడు. మా ఆయన ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాడు. ఆయన చేసిన మంచి పనుల్లో నేను లెక్కేసేది అదొక్కటి.

మొన్న ఎండాకాలం కొత్తకోట వైపు ఒక ఊరి నుంచి ఐదుగురు ఆడవాళ్లు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల గుట్ట బండల మీద కూడా గీతలు గీశారట. ఏం చేయాలని అడిగారు. వాళ్లకు చాయ్ పెట్టి, ముందు తీర్మానం నకలు తెచ్చుకొమ్మని, దాని కింద ఎవరెవరి సంతకాలున్నాయో ఒక్కొక్కటీ చూసుకొమ్మని చెప్పాను. వాళ్లలో చిన్నామె, పెళ్లయి ఏడాది కూడా అయినట్టు లేదు, గుమ్మం దగ్గర ఆగి అడిగింది.

"అక్కా, మా ఇంట్ల వద్దంటున్నరు. కొడ్తరేమో."

కొట్టరని నేను చెప్పలేదు. "కొడ్తె ఎవరింటికి పోతవో ఇయ్యాల్నే సూసుకో. గా ఇంటామెతోని మాట్లాడి పెట్టుకో. తర్వాత గుట్టెక్కు," అన్నాను. నా నంబరు ఆమె చేతి మీదే పెన్నుతో రాశాను. వచ్చే సోమవారం వాళ్ల ఊరికి పోతున్నాను. జడ్చర్లలో బస్సు మారాలి.